ఇంటి మాట

కొండ దిగొచ్చిన కరుప్పాయికి పొగరెక్కువట. పెద్దాయన పటానికి దండ వేసేది లేదని వ్యానులోనే తెగేసి చెప్పిందట.

పాత్రల కొట్టు రంగనాయకి పెరియకుళం బజారంతా తిప్పిన మాట ఇది.

వర్తకుల సంఘం అధ్యక్షుడు చంద్రశేఖరన్ చెవిన పడేసరికి సభ మొదలైపోయింది.

అరవై ఏళ్ళ కిందట పళియర్ తెగ పిల్లల్ని కొండమీంచి దింపి హాస్టల్లో వేశారు. జుట్టు కత్తిరించారు. పేర్లు మార్చారు. తమ మాట మాట్లాడితే కొట్టారు.

బతికున్న అయిదుగురికీ ఈరోజు బజారు తరఫున క్షమాపణ, శాలువా.

వేదిక నడుమ పెట్టిన పటం మాత్రం ఆ హాస్టల్ నడిపిన మనిషిది. చంద్రశేఖరన్ తండ్రి!

“తరతరాలుగా తమిళ నాట ఉన్నా ఇంట్లో తెలుగు విడవలేదు మేము,” అని మైకులో తమిళంలో చెప్పాడు చంద్రశేఖరన్. “మాట పోతే మనిషి పోయినట్టే. ఆ బాధ మాకు తెలుసు.”

చప్పట్లు.

“వాంగ పాటీ,” అని కరుప్పాయిని తమిళంలో మర్యాదగా రమ్మని పిలిచి దండ అందించాడు.

ఆమె చేతులు వెనక్కి కట్టుకుంది.

ఫొటోగ్రాఫర్ కెమెరా దించేశాడు.

చంద్రశేఖరన్ నవ్వు చెదరనీయకుండా భార్యవైపు వంగి, ఇంటి తెలుగులో అన్నాడు. “చూస్తివా మీనాక్షీ, దీని తిమిరు! మా నాయన కూడు పెట్టకుంటే అడవిలో గడ్డలు తవ్వుకుంటా ఉండేది. మంచి శాలువా దీనికెందుకు? మరకది ఉండాదే, అది తియ్యి.”

“మెల్లిగా. మైకుండాది,” అంది మీనాక్షమ్మ.

“ఉండనీ. మన మాట దీనికేం తెలుసు?”

ముందు వరస తెలుగు కొట్లవాళ్ళు కిసుక్కున నవ్వారు. కొనేవాళ్ళ ఎదటే గుట్టుగా ధర అనుకునేది వాళ్ళు ఆ భాషలోనే మరి.

“మరకదే ఇయ్యి,” అంది కరుప్పాయి, అచ్చం వాళ్ళ తెలుగులో. “మీ ఇంటి మరకలు నాకు కొత్తేమి కాదు.”



“నీకు... మన తెలుగు ఎవరు నేర్పిరి?” అన్నాడు చంద్రశేఖరన్, దండ కిందికి దించి.

“మా మాట నోట వచ్చిననాడెల్లా మీ నాయన నా నాలుకకి ఎండుమిరపకాయ రుద్దినాడు. నా మాట చచ్చె. మీ ఇంటి చాకిరికని మీ తెలుగు కుక్కినాడు. మీ అమ్మ పురిట్లోనే పోతే, పన్నెండేండ్ల నన్ను హాస్టల్లోంచి తెచ్చి నిన్ను నా చంకనేసినారు. నాలుగేండ్లు మోసినాను. ఆ మండే నాలుకతోనేరా నీకు మాటలు నేర్పింది. ఇప్పుడు నన్ను తిట్టినావే, ఆ తెలుగు నాదే.”