నూటికి నూరు

"రిపోర్టులో ఆ మూడు తీసేసి సున్నా కొట్టమ్మా. ఎంతసేపు పని?" అన్నాడు మేనేజరు, ఫోన్లోంచి తలెత్తకుండానే.

లాప్‌టాప్ ముందున్న సెక్రటరీ వేలు కదపలేదు. పరీక్షకు పెట్టిన ఇరవై గీజర్లలో మూడు షాక్ కొట్టాయి. సోమవారం నుంచి ఆ రకం గీజర్లే దుకాణాలకు వెళ్తాయి.

"నేను కొట్టను సార్."

ఈసారి ఆయన తలెత్తాడు. "సంతకం పెట్టేది నేను. మధ్యలో నీకెందుకు తలనొప్పి? ఉద్యోగం మీద ఆశ ఉందా, లేదా?"

"ఎందుకు లేదు సార్? ఇంట్లో నలుగురం నా జీతం మీదే బతుకుతున్నాం. అయినా కొట్టను. రేపు తడి చేత్తో ఆ గీజరు ముట్టుకునేవాళ్లకీ ఇల్లూ వాకిలీ ఉంటాయి."

"అబ్బో! ఈ నీతులన్నీ నీకు ఎవరు నూరిపోశారమ్మా?"

"మీరే సార్."

"నేనా?"

"కంపెనీ ఏటా పెట్టే నీతి నియమాల పరీక్ష మీ బదులు నాచేతే రాయిస్తున్నారు కదా. చదవకుండా రాయడం నాకు చేతకాలేదు."

మేనేజరు వెనక గోడకు ఆరు సర్టిఫికెట్లు వరసగా వేలాడుతున్నాయి. అన్నిటి మీదా ఆయన పేరే, అన్నిటా నూటికి నూరే.

ఆయన వాటికేసి ఓసారి తిరిగి చూశాడు.

"నేను రాయడం కూడా తప్పే. ఆరేళ్లు చేశాను, ఇక చెయ్యను. ఈ ఏటి పరీక్షకు గడువు ఇవాళే," అంటూ ఆమె లేచి, లాప్‌టాప్ ఆయన ముందుకు జరిపింది.

"మీరే రాయండి సార్. తెలియనివి అడగండి, చెబుతాను. ఆ సున్నా మాత్రం అడక్కండి."