ఎదుటి పక్షం

చీరాలలో ఇస్త్రీ బండి నడిపే పోలయ్య "కూత" పేరుతో కబడ్డీ బ్లాగు రాస్తాడు. ఆ సాయంత్రం ఫోన్‌లో మ్యాచ్ చూసి, చొక్కాలు మడతపెడుతూనే మండిపడుతూ ఫోన్‌కి చెప్పి రాయించాడు: "రెఫరీ రూతమ్మ అమ్ముడుపోయింది. తగలకుండానే మన ఝాన్సీని అవుటిచ్చి, జిల్లా ఫైనల్లో ఓడగొట్టింది."

ఫోన్ దాన్ని బ్లాగులో పెట్టనంది. ఒకప్పుడు పత్రికలవాళ్లకే ఉన్న నియమాలు ఇప్పుడు ఆటల గురించి రాసే ప్రతి ఫోన్‌లోనూ కాపలా కాస్తున్నాయి.

"ఎదుటి పక్షాన్ని అడిగారా?"

"నేనేమన్నా పేపరోడినా? కడుపుమండి రాసుకుంటన్నా!" అని కసిరాడు పోలయ్య. అయినా అది కదల్లేదు. తిట్టుకుంటూనే రూతమ్మకి ఫోన్ చేసి, కూత బ్లాగు నుంచి అని చెప్పాడు.

"తగలడం నేనూ చూళ్ళేదండీ," అందామె నెమ్మదిగా. "ఆ పిల్లే చెయ్యెత్తి, 'తగిలింది మేడమ్' అని చెప్పి బయటికెళ్ళిపోయింది. ఇరవై ఏళ్లలో అట్టాంటి పిల్లని చూళ్ళేదు. వాళ్ల నాన్నకి మాత్రం చెప్పొద్దని బతిమాలింది. కూతురు గెలుస్తుందని ఆశపెట్టుకున్నాడంట పాపం."

పోలయ్య ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టేశాడు. రాసిందంతా తీసేయించి, ఝాన్సీ చెయ్యెత్తిన సంగతి చెప్పి రాయించాడు.

ఫోన్ ఎప్పటిలాగే ఆఖరి ప్రశ్న అడిగింది: "ఈ క్రీడాకారిణికి మీరేమవుతారు?"

నాలుగేళ్లుగా "ఏమీ కాను" అనే చెబుతున్నాడు. ఈసారి గొంతు సవరించుకున్నాడు.

"నాన్నని."