పట్టుకునే చెయ్యి

కోరా విసిరిన బంతి మళ్లీ నేలకే తగిలింది. మట్టి ఎగిరి వెర్నా ముఖాన పడింది.

"ఇంకోటి," అంది వెర్నా, గొంతుక్కూర్చున్న చోటు నుంచి లేవకుండానే.

"నావల్ల కాదు కోచ్."

"నీవల్ల అయ్యేదాకా నేనిక్కడే కూర్చుంటాను తల్లీ. నా మోకాళ్ల మీద జాలుంటే త్వరగా కానియ్యి."

కోరా నవ్వలేదు. బంతి తీసుకుంది.

మిన్నెసోటాలో ఇంకా మోకాలిలోతు మంచు. వసంతకాలపు సెలవులివ్వగానే ఆ స్కూలు ఆడపిల్లల సాఫ్ట్‌బాల్ జట్టు ఏటా ఫ్లోరిడాలో దిగుతుంది. చలికాలమంతా హాల్లో చెక్కనేల మీద గెంతిన పిల్లలకి ఎండా మట్టీ దొరికేది ఈ వారం రోజులే. ఏప్రిల్లో పోటీలు మొదలైపోతాయి.

పొద్దున అందరికీ ప్రాక్టీసు. మధ్యాహ్నం పిల్లలు సముద్రానికి పోతారు. కోరా పోదు. రమ్మని ఎవరూ పిలవరు కూడా. అందుకని వెర్నా కూడా పోదు.

కిందటి నవంబరులో ఆ జట్టులో బంతి పట్టే క్యాచర్ మారిట్ చనిపోయింది. సినిమా చూసి వస్తుంటే, రోడ్డు మీద అద్దంలా పేరుకున్న మంచు మీద కారు జారి చెట్టుకి గుద్దుకుంది. నడిపింది కోరా. తప్పు ఆ పిల్లది కాదని పోలీసులే రాశారు. పోలీసుల రాతతో గుండె కుదుటపడుతుందా? పదో ఏట నుంచీ కోరా విసరడం, మారిట్ పట్టడం. ఇప్పుడు కోరా చెయ్యి గిరగిరా తిరుగుతుంది గాని, బంతి వదిలే క్షణానికి వణుకుతుంది.

అసలు ఈ ప్రయాణానికే రానంది కోరా. గదిలో గడియ పెట్టుకుంది. వెర్నా తలుపు బయట చతికిలబడి రెండు గంటలు బతిమాలింది.

"ఆట మానేస్తే మానెయ్. బయటికి మాత్రం రా అమ్మా."

చివరికి గడియ తీసింది. దారి పొడుగునా వ్యాను వెర్నాయే నడిపింది. కోరా అట్టచివరి సీట్లో కళ్లు మూసుకుని కూర్చుంది. మోటెల్లో పిల్లలెవరూ కోరాతో ఒకే గదిలో ఉండటానికి ఒప్పుకోలేదు. వెర్నా తన గదిలోనే పడుకోబెట్టుకుంది. పొద్దున్నే జడ అల్లేది. నాలుగు ముద్దలు తినేదాకా ఎదుట కూర్చునేది.

బుధవారం కొత్త క్యాచర్ హేడీ ముఖం మాడ్చుకుని వచ్చింది.

"కోరా విసిరితే నేను పట్టను కోచ్."

"ఏం?"

"దాన్ని చూస్తే మారిట్ గుర్తొస్తుంది. మీకు రాదా?"

"పొద్దున కళ్లు తెరిచిన దగ్గర్నుంచీ అదే కదే."

"మరెలా భరిస్తున్నారు?"

వెర్నా వ్యాను వెనక్కి వెళ్లి, తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తరవాత ముఖం కడుక్కుని వచ్చి, మళ్లీ కోరా ఎదుట గొంతుక్కూర్చుంది.

గురువారం, పక్క మైదానంలో ఆడుతున్న ఒహాయో జట్టులో ఎవరి తల్లో, కంచె దగ్గర నిలబడి కాసేపు చూసింది.

"మీ అమ్మాయి చెయ్యి భలే తిరుగుతోందండీ."

"చిన్నప్పట్నుంచీ నేనే నేర్పా," అంది వెర్నా.

ఆవిడ గొంతు తగ్గించింది. "మీ జట్టులో ఒక పిల్ల పోయిందటగా? కారు నడిపిన పిల్లని కూడా తీసుకొచ్చారట? నేనే ఆ పోయిన పిల్ల తల్లినైతే కారు నడిపినదాని మొహం చూడను బాబూ!"

వెర్నా నారింజకాయ వొలిచి, ఒక తొన ఆవిడ చేతిలో పెట్టింది.

"మనం చూడకపోతే ఆ పిల్ల ఎక్కడికి పోతుందండీ?" అంది.

శుక్రవారం అదే ఒహాయో జట్టుతో మ్యాచ్. నాలుగో ఇన్నింగ్స్‌లో వెర్నా కోరాని పంపింది. హేడీ వైపు చూసింది. హేడీ పళ్లు కొరుక్కుంటూ ముసుగు దించుకుని కూర్చుంది.

మొదటి బంతి హేడీ తల మీదుగా పోయింది. రెండోది నేలకి కొట్టింది. మూడోది బ్యాటు పట్టుకున్న పిల్ల భుజానికి తగిలింది. కోరా రెండు చేతుల్తో ముఖం కప్పుకుంది.

హేడీ లేచి చరచరా నడిచి వెళ్లింది. కొట్టడానికేమోనని వెర్నా గబుక్కున లేచింది. హేడీ బంతిని కోరా అరచేతిలో కుక్కింది.

"మారిట్ అయితే ఈపాటికి నీకు తలంటేసేది. ఏడుస్తూనే విసురు. నేను పడతాలే."

కోరా ఏడుస్తూనే విసిరింది. బంతి హేడీ చేతి తొడుగులో చప్పుడు చేస్తూ దిగింది. వరసగా ముగ్గురు అవుటయ్యారు.

మ్యాచ్ మాత్రం ఓడిపోయారు. ఎవరూ పట్టించుకోలేదు. సాయంత్రం బర్గర్ల కొట్లో పిల్లలంతా ఒకే బల్ల చుట్టూ ఇరుక్కుని కూర్చున్నారు, కోరాతో సహా.

వెర్నా ఫోను మోగింది. పేరు చూసి, రెండడుగులు పక్కకి జరిగి ఎత్తింది.

"విసిరిందా?" అడగలేక అడిగింది అవతలి గొంతు.

"ముగ్గుర్ని అవుట్ చేసింది. ఇదుగో, హేడీ పక్కన కూర్చుని బర్గర్ తింటోంది."

అవతల వెక్కిళ్లు.

"ఊరుకో డార్లీన్, నా మారిట్‌ని నేనెలాగూ ఇంటికి తెచ్చుకోలేను, నీ కోరాని మాత్రం ఆదివారానికల్లా నీ గుమ్మంలో దించుతాను," అంది.