పెంకుతో దాచిన బాదంకాయలు

ఆ తోటలో ముసలితనానికి తిండి దాచుకోవాలంటే రెండే చోట్లు. వడ్రంగిపిట్ట తొర్రలో అయితే బాదంకాయలు ముందే కొరికి పప్పు మాత్రమే తేవాలి. పందికొక్కు బొరియలో అయితే పెంకుతోనే పడేయొచ్చు, కొరకడం తినేనాటి సంగతి.

పగలంతా కాయలు మోసి ఒళ్లు హూనమైన ఉడుత తాబేలును అడిగింది. "తాతా, ఎక్కడ దాచమంటావు?"

"తొర్రలోనే దాచుకోవే. కష్టమేదో పళ్లున్నప్పుడే పడాలి," అంది తాబేలు, కళ్లు తెరవకుండానే.

"పళ్లకేం తాతా, చెట్టునిండా ఉన్నాయిగా! ఇప్పుడు కొరకడం నావల్ల కాదు," అని ఉడుత కాయలన్నీ బొరియలోకి దొర్లించింది. ఏటా అదే చేసింది.

ఉడుత ముసలిదైంది. ఒక ముసురు రోజున బొరియలోంచి కాయ తీసి కొరికింది. పెంకు పగల్లేదు. మిగిలిన ఒక్క పన్నూ ఊడి కాళ్ల దగ్గర పడింది. బొరియనిండా తిండే, తినే దారే లేదు.

ఉడుత కాళ్లీడ్చుకుంటూ తాబేలు దగ్గరికి వెళ్లింది.

"తాతా, ఆనాడు నువ్వన్నది ఏ పళ్లు?"

తాబేలు నిట్టూర్చింది. "చెట్టుకు మళ్లీ కాసేవి కావే తల్లీ."