పాట ఎటు వెళ్తోంది

చీకటి పడ్డాక జోంబా పట్నంలో వాన వెలిసింది. కూతురు చర్చిలో పాడిన పాట వీడియోను టియామికె కంప్యూటర్‌లో పెట్టింది. బ్రౌజర్‌లో బొమ్మ కదులుతోంది గానీ చప్పుడు లేదు. పక్కింటి నుంచి మరిది లింబానీని పిలిచింది.

"మీ అన్నయ్య ఉంటే చిటికెలో బాగుచేసేవారు."

"ఈ లినక్సేదో పెట్టి, నా నెత్తిన పడేసి పోయాడు కదా వదినా!" అంటూ కూర్చున్నాడు లింబానీ.

స్పీకరు బాగానే ఉంది. మ్యూట్‌లో కూడా లేదు. సౌండ్ సెట్టింగులు తెరిస్తే, బ్రౌజర్ పక్కన పచ్చగీత పాటకు తగ్గట్టు ఎగిసిపడుతోంది.

"పాట వస్తోంది వదినా. మన స్పీకరుకు కాదు, వైరు లేని ఇయర్‌ఫోన్లకు వెళ్తోంది." వాటి పేరు చదివి ఆగిపోయాడు. డాలిట్సో. అన్న పేరు.

పోయిన నెల ఆ ఇయర్‌ఫోన్లను అన్న చెవులకు పెట్టి, శవపేటిక మూసింది తనే.

"ఇన్నాళ్లు చార్జింగ్ ఉండదే..." అని గొణుగుతూ స్పీకరుకు మార్చబోయాడు. టియామికె అతని చేయి పట్టుకుంది.

"ఉండనీ లింబానీ. పిల్ల పాడగా ఆయన ఒక్కసారీ వినలేదు."

ఇద్దరూ చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చున్నారు. తెర మీద పిల్ల నోరారా పాడుతోంది. గదిలో మాత్రం చూరునీళ్ల చప్పుడే.

మౌస్ మీద ఎవరి చేయీ లేదు. డాలిట్సో పేరు పక్కన వాల్యూమ్ గీత మెల్లగా పెరిగింది.