మణుగూరులో ఒకటుంది

"స్వారీ తీసేసిన్రు. మిగిలిన నాలుగు ఆటలకే సెలక్షన్. రాష్ట్ర సంఘానికి గుర్రాలు దొరకలేదంట," అన్నాడు ఐదు ఆటల పెంటాథ్లాన్ కోచ్ షాలేమ్‌రాజు, ఉత్తరం మడుస్తూ.

ఆయన శిష్యురాలు తబస్సుం పాక గుమ్మంలోనే కూలబడింది. ఈతలో, పరుగులో, కత్తిసాములో, పిస్టల్‌తో ఆమె ఎప్పుడూ వెనకే. గెలిచేది గుర్రం మీదే.

పెళ్లి ఊరేగింపులకు కిరాయికి తిప్పే తమ ఒక్క గుర్రం, పొద్దున ఆమెతో దుంగ దూకబోయి, కాలు విరిగి పాకలో పడి ఉంది.

దూకించొద్దని రోజూ తిట్టే తండ్రి జానీ మియా, దాని కాలికి కట్టు కడుతూ తలెత్తాడు.

"గుర్రాలు లేవన్నరా? మణుగూరుల ఒకటున్నదని రాయున్రి సారూ."

"మియా, దాని కాలు..."

"నేను నిలబెడ్త. మీరు జల్దీ రాయున్రి."

గుర్రం మెడకింద భుజం పెట్టాడు. "లే బేటా, లే."

అది లేవలేదు. తబస్సుం వెళ్లి రెండో పక్క భుజం ఆనించింది.