ముందున్నవాళ్ళ కరెంటు

“ఇదేటి బాబూ ఈ బిల్లు? నేను రుబ్బింది పిండా, కొండరాళ్ళా?”

మీటరు రీడింగు తీసే అప్పలరాజు చీటీ చేతిలో పెట్టి జారుకుందామనుకున్నాడు. నీలవేణి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. గవరపాలెంలో ఇడ్లీ పిండీ, దోసెల పిండీ రుబ్బి ప్యాకెట్లు అమ్ముకునే మనిషి ఆమె. గ్రైండరు తిరిగితేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. అలాంటి మనిషిని కరెంటు బిల్లు దగ్గర ఏమార్చడం ఎవరి తరమూ కాదు.

“నువ్వు వాడింది తక్కువేనమ్మా. కింద సూడు, అది సర్దుబాటు. మూడేళ్ళ కిందట ఈ ఇంట్లో కాల్చిన కరెంటుకి అప్పుడు తక్కువ తీసుకున్నారంట. ఆ తేడా ఇప్పుడు కలుపుతన్నారు.”

“మూడేళ్ళ కిందట నేనీ ఇంట్లో ఉన్నానేటి? వచ్చి ఏడాది నిండలేదు!”

“మీటరుకి మనుసుల్తో పన్లేదమ్మా. మీటరెక్కడుంటే బిల్లక్కడే,” అంటూ అప్పలరాజు ఆమె పక్కనుంచి దూరి, పక్కింటికి పోయాడు.

నీలవేణికి ఒళ్ళు మండిపోయింది. మినప్పప్పు ధర పెరిగిందని మొన్ననే ప్యాకెట్టు రేటు పెంచింది. మళ్ళీ పెంచితే రోజూ కొనేవాళ్ళు కూడా పోతారు. పెంచకపోతే గ్రైండరు మూలన పడెయ్యాలి. రెండూ చెయ్యనని అక్కడికక్కడే అనేసుకుంది.

మేడ మీదున్న ఇంటావిడ అప్పలనర్సమ్మ కేకలు విని కిందికి దిగింది.

“అత్తా, నాకు ముందు ఈ ఇంట్లో ఉన్నదెవరు?”

“ఐసు బండి బాబ్జి. పెద్ద ఫ్రీజరొకటి ఎట్టీవోడు. రేత్రీ పగలూ బుర్రుమని ఒకటే సౌండు.”

“ఇప్పుడెక్కడున్నాడు?”

“ఇల్లెక్కడో నాకు తెల్దు. బండి నెహ్రూచౌకులో ఎడతాడు. ఎందుకొచ్చిన గొడవే? ఊరందరికీ వచ్చింది బిల్లు. అందరూ నోరు మూసుకుని కడతన్నారు.”

“కడితే కట్టుకోనీ. ఆడి ఐసు సల్లబడ్డానికి నేను డబ్బులియ్యడమేటి?”

నానబెట్టిన పప్పు నానబెట్టినట్టే వదిలేసి, చీటీ కొంగున ముడేసుకుని, మిట్టమధ్యాహ్నం ఎండలో బయలుదేరింది. దారిలో ఇద్దరు పలకరించినా ఆగలేదు. నెహ్రూచౌకులో ఐసు బండి చుట్టూ నలుగురు మూగి ఉన్నారు. ఆటో పైడిరాజు పుల్ల ఐసు చప్పరిస్తూ నిలబడ్డాడు.

“బాబ్జంటే నువ్వేనా?”

“నేనే అక్కా. ఏటి కావాల? పాల ఐసా, మేంగోనా?”

“ఐసొద్దు. గవరపాలెం ఇంట్లో నీ ఫ్రీజరు తినీసిన కరెంటుకి డబ్బులు కావాల.”

బాబ్జి చేతిలోని ఐసు చేతిలోనే ఉండిపోయింది. ఆమె కొంగు ముడి విప్పి చీటీ చూపించి, సంగతంతా చెప్పింది.

“ఇదన్నేయం అక్కా. నేను ఖాళీ సేసినప్పుడు పైసా బాకీ లేకుండా కట్టీసే వచ్చేను.”

“బాకీ ఎట్టేవని నేనన్నానేటి? కరెంటోళ్ళు ఎనక్కెళ్ళి రేటు పెంచేరు. పెంచింది నీ ఫ్రీజరుకి. నా గ్రైండరుకి కాదు. మరెవులు కట్టాల?”

“ఆళ్ళనడుగు.”

“ఆళ్ళనీ అడుగుతాను. ముందు నువ్వు సెప్పు. ఆ ఐసు అమ్ముకుని డబ్బు నువ్వు తెచ్చుకున్నావా, నేను తెచ్చుకున్నానా?”

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. పైడిరాజు పుల్ల పారేసి తీర్పరిలా ముందుకొచ్చాడు.

“ఆవిడ సెప్పింది నాయమేరా బాబ్జీ.”

“నాయం కాకపోతే ఇంత ఎండలో వత్తానా? ఎవులు వాడేరో ఆళ్ళే కట్టాల. ఎవులైనా సరే, ఎక్కడున్నా సరే. అడగడానికి మొహమాటపడితే మనలాంటోళ్ళం బతకలేం,” అంది నీలవేణి, చౌకంతా వినబడేలా.

బాబ్జి చీటీ తీసుకుని మరోసారి చూశాడు. తర్వాత బండి కింది డబ్బా తీసి, సర్దుబాటు కింద పడినదంతా ఆమె చేతిలో పెట్టేశాడు. ఇంత తేలిగ్గా ఇస్తాడని ఆమె అనుకోలేదు. పోట్లాటకి సిద్ధపడి వచ్చిన మనిషికి ఒక్కసారిగా మనసు కరిగిపోయింది.

“సల్లగుండు నాయనా. మనిసంటే నువ్వే.”

“అదేం లేదక్కా. నువ్వు నా కళ్ళు తెరిపించేవు. నేనిప్పుడుంటన్న ఇంటిక్కూడా ఇలాటి బిల్లే వచ్చింది. నాకు ముందున్న మనిసి వాడిందంట. ఆడమనిసి, ఏం అడుగుతాంలే అని ఊరుకున్నాను.”

“ఆడమనిసైతే? కరెంటు వాడలేదా? ఊరుకోడమేటి, ఇవాళే ఎల్లు.”

“కట్టనంటే?”

“ఎలా కట్టదో నేనూ సూత్తాను. ఈ పైడిరాజుని సాచ్చికి తీసుకెల్లు. కావాలంటే నేనూ వత్తాను. గుమ్మంలో కూకుని మరీ వసూలు సేద్దాం,” అని నీలవేణి డబ్బు కొంగున ముడేసుకుంది. “ఇంతకీ ఎవులావిడ?”

“లచ్చిందేవిపేటలో ఆ ఇంట్లోనే పిండి రుబ్బి అమ్మేదంట. ఎక్కడికో మారిపోయి ఏడాది కావత్తందంట. నీలవేణని, నీకేటన్నా ఎరికా అక్కా?”